నాలుగు గట్ల బండ

పూర్వం, యూదుల దేశంలో, కొండల నడిమధ్యన ఏలాను అనే సరస్సు ఒడ్డున, బేతేలాను అనే పల్లెలో ఎల్నాతాను అనే మహానుభావుడు ఉండేవాడు. ఆయనేం పుట్టుకతో పండితుడు కాదు. పెళ్ళై ముగ్గురు పిల్లలు పుట్టేదాకా పడవలకి మోకులు పేనుకుంటూ బతికిన మనిషి. ఆ తర్వాత చదువు మీద మనసుపడి, చేతులు మోకు పేనుతూ ఉండగానే పక్కన ఎవరో ఒకర్ని కూర్చోబెట్టుకుని ధర్మశాస్త్రం చదివించుకుని, విన్నది విన్నట్టు మనసులో దాచుకుని, తల నెరిసేనాటికి చుట్టుపక్కల ఏడూళ్ళకి తీర్పు చెప్పే పెద్ద అయ్యాడు. అంత పెద్దయినా మోకు మాత్రం వదల్లేదు. ధర్మం చెప్పి కూలి పుచ్చుకోకూడదన్నది ఆయన పట్టు. అందుకే ఆయన దీవించడానికి నెత్తిన చెయ్యి పెడితే పీచు గుచ్చుకునేదట.

ఆయన చెప్పిన మాటలు చాలానే ఉన్నాయి గానీ ఊళ్ళో అందరికీ నోటికొచ్చింది ఒక్కటే. తీర్పు చెప్పడానికి ముగ్గురు కూర్చున్నప్పుడు వాళ్ళలో కొత్తగా చేరినవాడు ముందు మాట్లాడాలి, ఆ తర్వాత నడిమివాడు, అందరికంటే పెద్దవాడు ఆఖర్న. ఎందుకయ్యా అని అడిగితే, "పెద్దోడు నోరు తెరిచాడంటే చిన్నోడు తన నోట్లో ఉన్న మాట మింగేస్తాడు. ఆ మింగేసిన మాటే నిజం అయితే ఎవరు కక్కిస్తారు?" అనేవాడు. ఈ పద్ధతి ఆయనే పెట్టాడు. ఏడూళ్ళ వాళ్ళూ మెచ్చుకుని తమ తమ ఊళ్ళలో పెట్టుకున్నారు.

అలాంటి మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన పద్ధతి తనే తప్పాడు. ఈ కథంతా ఆ తప్పు గురించే.

ఆ ఊళ్ళో జబ్దీ అని చేపలు పట్టుకునే అబ్బాయి ఉండేవాడు. అతని భార్య తిర్సా, తల్లి అబీతలు. పెళ్ళై ఇంకా ఏడాది నిండలేదు. మంచి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, సరస్సు నడుమ జబ్దీ పడవ సుడిగాలికి తిరగబడింది. ఊరికి ఎదురుగా నీళ్ళలోకి పొడుచుకొచ్చిన కొండ ఒకటుంది. దాని కొసన చదునైన పెద్ద బండ. ఆ బండ మీద ఉప్పు చేపలు ఆరబెట్టుకుంటున్న మిల్కా అనే ముసలామె అంతా కళ్ళారా చూసింది. పడవ బోర్లా పడటం చూసింది, జబ్దీ చెయ్యి ఒకసారి పైకి రావడం చూసింది, ఆ తర్వాత పొద్దు వాలేదాకా అక్కడే నిలబడి చూస్తూనే ఉంది. జబ్దీ పైకి రాలేదు. తర్వాత ఎంతమంది వలలు వేసి వెతికినా శవమూ దొరకలేదు.

శవం దొరక్కపోతే ఏం చెయ్యాలో వాళ్ళ ధర్మంలో ఒక లెక్క ఉంది. మనిషి పడిన నీళ్ళు ఎలాంటివో చూడాలి. చూసినవాళ్ళు నిలబడిన చోటునించి నాలుగు వైపులా గట్లు కనిపిస్తే అవి అంతున్న నీళ్ళు. పడినవాడు ఎటు ఈది ఒడ్డెక్కినా కంటపడతాడు, కంటపడలేదంటే పోయినట్టే. ఒక్క వైపు గట్టు కనబడకపోయినా అవి అంతులేని నీళ్ళు. ఆ కనబడని వైపు ఎక్కడో ఒడ్డెక్కి, ఏ దేశమో పోయి, బతికే ఉండొచ్చు కదా అంటారు. అప్పుడు ఆ ఇల్లాలి బతుకు చూడాలి. మొగుడున్న మనిషా అంటే మొగుడు లేడు. విధవరాలా అంటే ఎవరూ ఒప్పుకోరు. మళ్ళీ పెళ్ళి మాట దేవుడెరుగు, అందరిలాగా మెడ దగ్గర బట్ట చింపుకుని, ఏడు రోజులు నేల మీద కూర్చుని ఏడవడానికి కూడా ఆమెకి హక్కు ఉండదు. బతికున్నవాడి కోసం ఏడవకూడదు మరి.

తిర్సా సంగతి తీర్పుకొచ్చిన రోజు శుక్రవారం. సాయంత్రం అయితే విశ్రాంతి దినం మొదలవుతుంది, ఇక పనులేవీ ముట్టుకోకూడదు. అంతకుముందు రెండు గొడవలు తెమిలేసరికే పొద్దు కొండమీదికి దిగింది. ఎల్నాతానుతో పాటు పీఠం మీద షెమర్యా అని నడివయసు పండితుడూ, కొత్తగా చేరిన మల్లూకూ ఉన్నారు. మల్లూకు ఉప్పు చేపల వ్యాపారం చేసేవాడు. మిల్కా పనిచేసేది అతని దగ్గరే. ముగ్గురూ రేవు దాకా నడిచి వెళ్ళారు. రేవు దగ్గర నిలబడి చూస్తే ఆ పొడుచుకొచ్చిన కొండ తూర్పు గట్టుని పూర్తిగా మూసేస్తుంది. ఎల్నాతాను ఒక్క చూపు చూశాడు, పొద్దు వంక చూశాడు. మల్లూకు నోరు తెరవబోయేలోపే, "తూర్పున గట్టు లేదు. అంతులేని నీళ్ళు" అనేసి, గబగబా ఇంటిదారి పట్టాడు.

షెమర్యా తలూపాడు. మల్లూకు తెరిచిన నోరు మూసుకున్నాడు.

మూడేళ్ళు గడిచాయి. తిర్సా అత్తగారింట్లోనే ఉండిపోయింది. ప్రతి శుక్రవారం రాత్రి భోజనానికి కూర్చునేటప్పుడు అబీతలు కొడుక్కి కూడా ఒక పళ్ళెం పెట్టేది. "వస్తాడే. ఎక్కడో ఒడ్డెక్కి ఉంటాడు. వాడికి చిన్నప్పటినించీ దారి తప్పడం అలవాటు" అనేది. తిర్సా ఆ పళ్ళెంలో రొట్టె మర్నాడు కోళ్ళకి వేసేది. నీళ్ళ దగ్గరికి వెళ్తే ఆడవాళ్ళు జరిగి చోటిచ్చేవాళ్ళు గానీ ఏం పలకరించాలో వాళ్ళకీ తెలిసేది కాదు. మొగుడు పోయినందుకు ఓదార్చకూడదు, మొగుడు బాగున్నాడా అని అడగలేరు.

ఈలోపల ఎల్నాతానుకి జబ్బు చేసింది. ఊపిరాడదు, నాలుగడుగులు వేస్తే కూలబడిపోతాడు. వైద్యులు పెదవి విరిచారు. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఒక పెద్ద చెప్పిన తీర్పుని ఆయనైనా మార్చుకోవాలి, లేదా జ్ఞానంలో ఆయన్ని మించినవాడు వచ్చి మార్చాలి. ఎల్నాతానుని మించినవాడు ఆ సీమలో పుట్టలేదు, పుడతాడన్న ఆశా లేదు. ఆయన కన్ను మూస్తే తిర్సా కట్టు ఇక ఈ జన్మకి విడదు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, తిర్సాకి ఇంకా బాగా తెలుసు.

వానలు వెనకపట్టి, సరస్సు మీద పొగమంచు కమ్ముకునే రోజులు వచ్చాయి. ఒక మంగళవారం ఎల్నాతాను ప్రార్థన మందిరంలో గోడకి ఆనుకుని కూర్చుని, అందరూ వినేలా తన పాత మాటే మళ్ళీ చెప్తున్నాడు, చిన్నవాడు ముందు, పెద్దవాడు ఆఖర్న అని. ఆడవాళ్ళు కూర్చునే వైపునించి తిర్సా లేచి నిలబడింది.

"అయ్యవారూ, ఒక్క మాట. నా సంగతిలో ముందు మాట్లాడిందెవరు?"

అందరూ వెనక్కి తిరిగారు. షెమర్యా, "కూర్చో అమ్మాయ్, పెద్దాయనకి ఒంట్లో బాగాలేదు" అని గదమాయించాడు.

"బాగాలేదనే అడుగుతున్నానయ్యా. బాగుంటే ఇంకో మూడేళ్ళు ఆగేదాన్ని" అంది తిర్సా.

ఎల్నాతాను కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, "నేనే. నేనే ముందు మాట్లాడాను" అన్నాడు. మల్లూకు వైపు తిరిగి, "ఆ రోజు నిన్ను ముందు మాట్లాడనిచ్చి ఉంటే ఏమనేవాడివి?" అని అడిగాడు.

మల్లూకు తల వంచుకుని, "రేవులో నిలబడితే ఏం తెలుస్తుంది అయ్యవారూ, మిల్కా నిలబడింది మా చేపల బండ మీద. దాని మీంచి చూస్తే నాలుగు గట్లూ కనిపిస్తాయి, అని అనేవాణ్ణి" అన్నాడు.

"మూడేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్పేశారు కదండీ."

ఆ మాట విని ఎల్నాతాను ముఖం కప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పింది ఒక్కటే. "పడవ సిద్ధం చేయించండి. నేను బండ మీదికి వస్తాను. ఈసారి చూసినవాళ్ళు చూసిన చోటునించి చూసి, వరసలో మాట్లాడదాం."

బుధవారం పొద్దున్న మంచంతో సహా ఆయన్ని పడవలో పెట్టి, కొండ మీదికి నలుగురు మోసుకెళ్ళి బండ మీద దింపారు. తెరచాప గుడ్డతో పందిరి వేశారు. తిర్సా కూడా వెళ్ళింది. తీరా చూస్తే సరస్సంతా పొగమంచు. గట్లు కాదు కదా, చాచిన చెయ్యి కనబడటం లేదు. ముగ్గురూ వరసలో కూర్చున్నారు. "మల్లూకూ, నీకేం కనిపిస్తోంది?" అన్నాడు ఎల్నాతాను.

మల్లూకు ఆయన ముఖం వైపు చూశాడు. ఏమనాలో ఆ ముఖంలో వెతుక్కున్నాడు. ఎల్నాతాను అది గమనించి, శాలువా నెత్తి మీదినించి కప్పుకుని, అటు తిరిగి కూర్చుని, "నా ముఖం మీద గట్లేమీ లేవు, నీళ్ళ వైపు చూడు" అన్నాడు.

"ఏమీ కనబడటం లేదండీ."

"నీకు ముందే తెలుసు కదయ్యా, నాలుగూ ఉన్నాయని చెప్పెయ్" అన్నాడు మోసుకొచ్చినవాళ్ళలో ఒకడు, జాలేసి.

"తెలుసు. కానీ ఆయన అడిగింది ఏం కనిపిస్తోందని" అన్నాడు మల్లూకు. మూడేళ్ళ కిందట నోరు మూసుకున్నవాడు ఇప్పుడు ఆ మాత్రం నోరు తెరిచినందుకు ఎల్నాతాను శాలువా లోపలే నవ్వాడట.

గురువారమూ అంతే. పొద్దున్నించి సాయంత్రం దాకా మంచు కదల్లేదు. ముసలాయన ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం ఒక పడవ వచ్చింది. అందులో రొట్టెలూ దీపాలూ పట్టుకుని అబీతలు దిగింది. కొండెక్కి వస్తూనే, "నా కొడుకుని చంపడానికి కూర్చున్నారా ముగ్గురూ?" అంది.

చేతిలో రొట్టెల మూట బండ మీద దించింది.

"మూడేళ్ళు బతికున్నాడన్నారు. ఇప్పుడు పోయాడంటారా? మీ నోళ్ళా, తిరగలిరాళ్ళా? దీనికి ఇంకో మొగుడు కావాలి, మీకు ఇంకో తీర్పు కావాలి. నా బిడ్డ ఎవరిక్కావాలి?"

"అత్తా, నాకు మొగుడు కావాలని ఎవరు చెప్పారు?" అంది తిర్సా.

"మరేం కావాలి?"

"ఏడవాలి. మూడేళ్ళనించి గొంతులో అలాగే ఉంది. పళ్ళెంలో రొట్టె పెడతావు, పొద్దున్నే తీసి కోళ్ళకేస్తాను. నాకది చేతకావటం లేదు అత్తా."

అబీతలు పందిరికి ఆ చివర్న, కోడలికి వీపు చూపిస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతోంది. షెమర్యా వంగి, "అయ్యవారూ, ఇప్పుడు బయల్దేరితే విశ్రాంతి దినం మొదలయ్యేలోపు ఇంట్లో ఉంటాం. మొదలయిందంటే పడవెక్కకూడదు, రెండువేల మూరలకి మించి నడవకూడదు, రేపు సాయంత్రం దాకా ఈ బండ మీదే. మీ ఒంట్లో చూస్తే…" అని మధ్యలో ఆగిపోయాడు.

"చచ్చిపోతే ఇక్కడే చస్తాను. శుక్రవారం పొద్దు చూసి పరిగెత్తడం ఒకసారి చేశాను, చాలు" అన్నాడు ఎల్నాతాను.

అలా అందరూ అక్కడే ఉండిపోయారు. తిర్సా దీపాలు వెలిగించింది. రొట్టె తుంచి తిన్నారు. అబీతలు అలవాటుకొద్దీ ఒక పళ్ళెం పక్కన పెట్టింది. ఆ బండ మీద, ఆ పొగమంచులో, ఆ పళ్ళెం వంక చూడకుండా ఉండటానికి అందరూ ఎంతో అవస్థపడ్డారట.

తెల్లవారి లేచేసరికి చూస్తే మంచు లేదు.

ఎక్కడికి పోయిందో తెలీదు. ఆకాశం కడిగినట్టుంది. పడమటన ఊరి మిద్దెలు కనిపిస్తున్నాయి, విశ్రాంతి దినం కాబట్టి ఒక్క పొయ్యి పొగ కూడా లేదు. ఉత్తరాన రెల్లు దుబ్బులు, దక్షిణాన తెల్ల గులకరాళ్ళ గట్టు, తూర్పున ఎర్రమట్టి దరి, ఆ దరి కింద నడుస్తున్న కొంగ, దాని కాళ్ళతో సహా. నాలుగు గట్లూ అరచేతిలో గీతల్లా ఉన్నాయి. మల్లూకు పసిపిల్లాడిలా గెంతి, "అయ్యవారూ! అదిగో…" అనబోయాడు.

"నోరు మూసుకో మల్లూకూ!" అన్నాడు ఎల్నాతాను. అందరూ ఉలిక్కిపడ్డారు. "ఇవాళ తీర్పు లేదు. విశ్రాంతి దినాన పీఠం కూర్చోదు. ఇవాళ నువ్వేం చెప్పినా చెల్లదు."

ఏం చేస్తారు? కళ్ళెదురుగా నాలుగు గట్లూ మెరుస్తుంటే, మాట అనడానికి లేక, అందరూ అలాగే కూర్చున్నారు. రేపు మళ్ళీ మంచు కమ్మితే? రేపటికి ముసలాయన లేకపోతే? మల్లూకు రెండు చేతులతో నోరు మూసుకుని అటూ ఇటూ తిరుగుతుంటే షెమర్యా, "నడవకయ్యా, రెండువేల మూరలు ఈ బండ మీదే పూర్తి చేసేస్తావు" అన్నాడు. ఆ భయంలోనూ తిర్సాకి నవ్వొచ్చింది.

అప్పుడు అబీతలు లేచింది. బండ కొసకి వెళ్ళి నిలబడింది. పడమటకి చూసింది, ఉత్తరానికి చూసింది, నెమ్మదిగా తిరిగి తూర్పుకి చూసింది, దక్షిణానికి చూసింది. మళ్ళీ మొదటినించి చూసింది. అలా ఎన్నిసార్లు తిరిగిందో. ఆమె పీఠం మీద మనిషి కాదు, సాక్షీ కాదు, ఆమె మాటని ఆపే నిబంధన ఏదీ లేదు.

"దాక్కునే చోటే లేదు" అంది.

కాసేపటికి మళ్ళీ, "వాడు ఎటు ఒడ్డెక్కినా మిల్కాకి కనబడేవాడే. ఒడ్డెక్కలేదు" అంది. వెనక్కి వచ్చి కోడలి పక్కన కూర్చుని, ఆమె చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజంతా ఆ చెయ్యి వదల్లేదు.

విశ్రాంతి దినం తీరేసరికి చీకటి పడింది, చీకట్లో గట్లు చూడలేరు. ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. చీకటితోనే చలి దిగింది, నీళ్ళమీద ఆవిరి లేవడం వినిపిస్తోందని మల్లూకు అన్నాడు. ఆదివారం తెల్లవారుతుండగా చూస్తే, అనుకున్నంతా అయింది. సరస్సుని చుట్టి మంచు గోడలా లేచింది. లేచింది గానీ, బండ దగ్గరికి రాలేదు. కొండకి అటూ ఇటూ నిలబడిపోయింది. మధ్యన, బండ మీదినించి నాలుగు గట్లదాకా, తెర పక్కకి లాగినట్టు దారి తెరుచుకుని ఉంది. మిద్దెలూ, రెల్లూ, గులకరాళ్ళూ, ఎర్రదరీ. ఆ మంచుని ఎవరు ఆపారో ఎల్నాతాను ఒక్కడే ఎరుగుననీ, పొద్దుటి ప్రార్థనలో ఆయన ఆకాశం వైపు చూసి, "తొందరపడింది నేను, మంచు ఆమెకెందుకు?" అని మాత్రమే అన్నాడనీ పెద్దలు చెప్తారు.

ముగ్గురూ వరసలో కూర్చున్నారు. ఎల్నాతాను శాలువా కప్పుకుని అటు తిరిగాడు.

"నాలుగు గట్లూ కనిపిస్తున్నాయి. అంతున్న నీళ్ళు" అన్నాడు మల్లూకు.

"అంతున్న నీళ్ళు" అన్నాడు షెమర్యా.

అప్పుడు ఎల్నాతాను ఇటు తిరిగాడు. "మూడేళ్ళ కిందట నేను ముందు మాట్లాడాను, తప్పు మాట్లాడాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇవి అంతున్న నీళ్ళు. జబ్దీ పోయాడు. తిర్సా, నువ్వు విధవరాలివి. ఇక ఏడువమ్మా" అన్నాడు.

తిర్సా మెడ దగ్గర బట్ట చింపుకుంది. అబీతలు కూడా చింపుకుంది. మూడేళ్ళ ఏడుపు ఆ బండ మీద ఒక్కసారిగా బయటపడింది. ఆ ఏడుపు విని ఊళ్ళోవాళ్ళు పడవల మీద వచ్చారట. వింతేమిటంటే, వచ్చినవాళ్ళెవరికీ ఆ ఏడుపు దుఃఖంలా వినిపించలేదు. బిగించిన ముడి విప్పితే ఒంటికి ఎంత హాయిగా ఉంటుందో అలా ఉందన్నారు. ఇన్నాళ్ళకి ఆమె దగ్గరికెళ్ళి, చెయ్యి పట్టుకుని, అమ్మా అని ఓదార్చడానికి వాళ్ళకీ దారి దొరికింది.

పోయినవారి ఇంట్లో మొదటి భోజనం పరాయివాళ్ళ చేత్తో రావాలన్నది వాళ్ళ ఆచారం. ఆ భోజనం తనే వండుతానని ఎల్నాతాను పట్టుబట్టాడు. రాళ్ళ పొయ్యి మీద మసూరి పప్పు పెట్టాడు. మోకులు పేనిన చేతులు, పొయ్యి ముందు ఎప్పుడూ కూర్చున్న పాపాన పోలేదు. పప్పు సగం ఉడికింది, సగం గట్టిగానే ఉండిపోయింది. తిర్సా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఏడుస్తూ నమిలింది. పళ్ళకింద కరకరమంది. అత్తవైపు చూసింది. అత్త కూడా నములుతోంది.

"అయ్యవారూ, ఇంకో పొంగు రానివ్వాల్సింది" అంది అబీతలు.

"తొందరపడ్డాను" అన్నాడు ఎల్నాతాను.

ఇద్దరాడవాళ్ళూ కన్నీళ్ళు కారుతుండగానే పకపకా నవ్వారు.

ఎల్నాతాను ఆ తర్వాత ఏడాది బతికాడు. తిర్సా రెండేళ్ళకి పడవలు చేసే, భార్య పోయిన ఒకతన్ని పెళ్ళి చేసుకుంది. అబీతలు ఆ ఇంట్లోనే ఉండి పిల్లల్ని పెంచింది. ఆ బండకి నాలుగు గట్ల బండ అని పేరు వచ్చింది. ఈనాటికీ పొగమంచు కాలంలో ఏలాను సరస్సంతా కమ్ముకున్నా, ఆ కొండ కొసన మాత్రం మంచు నిలవదు. అటు వచ్చి, ఇటు విడిపోతుంది. పడవవాళ్ళు దారి తప్పితే ఆ తెరిపి చూసుకునే ఒడ్డుకొస్తారు.

ఏటా ఆ ఆదివారం నాడు నీళ్ళలోనో, దూరదేశాల్లోనో మనుషుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళు పిల్లాజెల్లలతో బండెక్కుతారు. ముందు అబీతలులా నాలుగు దిక్కులా తిరిగి చూస్తారు, తర్వాత ఆగకుండా, సిగ్గుపడకుండా ఏడుస్తారు. ఏడుపు అయ్యాక ఊరి పెద్దల్లో అందరికంటే పెద్దవాడు పొయ్యి ముందు కూర్చుని మసూరి పప్పు వండుతాడు. ఎంత వంట వచ్చినవాడైనా దాన్ని సగం ఉడకగానే దించెయ్యాలి, అదే నియమం. పిల్లలు ముందు తింటారు, ఆడవాళ్ళు తర్వాత, వండిన పెద్దాయన ఆఖర్న. పళ్ళకింద పప్పు కరకరలాడగానే ఏడ్చిన ముఖాలన్నీ ఒకదాన్నొకటి చూసుకుని నవ్వుతాయి. ఆ నవ్వు విన్నాకే రేవులో పడవలు విప్పుతారు.